ట్రామ్ స్టాపు డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి? పైకప్పు దగ్గర మాత్రం కాదు

నగరానికి కొత్తగా ట్రామ్ వేస్తే స్టాపులు ఎలా ఉండాలని అడిగారు. వీల్‌ఛైర్‌లో వచ్చేవాళ్లూ చూపు లేనివాళ్లూ ఇబ్బంది లేకుండా ఎక్కాలి, దూరం నుంచే స్టాపని తెలియాలి, అందుకు షెల్టర్‌కి ఏ ఆకారం బాగుంటుందన్నది మీ ప్రశ్న.

షెల్టర్ సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ఆకారంతో మొదలైన ప్రాజెక్టు ఏదైనా చివరికి ప్లాట్‌ఫామ్ అంచు దగ్గర బోల్తా పడుతుంది. పైకప్పు ఎంత వికారంగా ఉన్నా ట్రామ్ ఎక్కొచ్చు. అంచుకీ ట్రామ్ గుమ్మానికీ మధ్య నాలుగు వేళ్ల సందు మిగిలితే మాత్రం కొందరు ఎక్కలేరు. వీల్‌ఛైర్ ముందు చక్రాలు చిన్నవి, పైగా అటూ ఇటూ తిరిగేవి. కుర్చీ కాస్త వంకరగా వచ్చిందంటే చక్రం సందు వైపు తిరిగి అందులోకి దిగిపోతుంది. బ్రిటన్ నిబంధనల ప్రకారం సందు 75 మి.మీ., ఎత్తులో తేడా 50 మి.మీ. దాటితే ర్యాంపో లిఫ్టో ఉండి తీరాలి. అది గరిష్ఠ హద్దు. దాన్నే లక్ష్యంగా రాసుకునేవాళ్లు చాలామంది. 50 మి.మీ. మెట్టు ఎదురైతే చేత్తో నడుపుకునే కుర్చీ చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. సందు 50 లోపు, ఎత్తు తేడా 20 లోపు ఉండేలా చూసుకోండి.

ఎత్తు విషయంలో ఎక్కువమంది పప్పులో కాలేసేది ఎక్కడంటే, లో-ఫ్లోర్ ట్రామ్ (లోపలి నేల రోడ్డుకి దగ్గరగా, తక్కువ ఎత్తులో ఉండేది) గుమ్మం సాధారణంగా పట్టా పైనుంచి 300–350 మి.మీ. ఎత్తులో ఉంటుంది. ప్లాట్‌ఫామ్‌ని కూడా అంతే గీసేస్తే సరిపోతుందనుకుంటారు. ట్రామ్ ఎత్తు రోజూ ఒకేలా ఉండదు. చక్రం అరిగినప్పుడల్లా లేత్ మీద చెక్కుతారు. కొత్తలో 600 మి.మీ. వ్యాసమున్న చక్రం 520కి వచ్చేదాకా వాడితే, వ్యాసంలో తగ్గినదాంట్లో సగం, అంటే 40 మి.మీ. గుమ్మం కిందికి దిగినట్టే. జనం కిక్కిరిస్తే స్ప్రింగులు ఇంకో 20–30 మి.మీ. కుంగుతాయి. కొత్త చక్రాలతో ఖాళీగా వచ్చే ట్రామ్‌కీ, అరిగిన చక్రాలతో నిండుగా వచ్చే ట్రామ్‌కీ మధ్య ఇలా 60–70 మి.మీ. తేడా వస్తుంది.

తలుపుల సంగతి చూడండి. చాలా ట్రామ్‌లలో తలుపు ముందు బయటికి పొడుచుకొచ్చి, తర్వాత పక్కకి జరుగుతుంది. ట్రామ్ కుంగినప్పుడు ప్లాట్‌ఫామ్ దానికంటే ఎత్తయితే తలుపు కింది అంచు రాయికి తగులుతుంది. తలుపు మూసుకోదు, ట్రామ్ కదలదు, వెనకొచ్చే ట్రామ్‌లన్నీ ఆగిపోతాయి. ఆ భయంతో ఇంజనీర్ ప్లాట్‌ఫామ్‌ని ముందే 60 మి.మీ. దించేస్తాడు. దాంతో కొత్త ట్రామ్ వచ్చిన రోజున అక్కడ మెట్టు తయారు. దీనికి మందు స్టాపులో లేదు, ట్రామ్ కొనుగోలు ఒప్పందంలో ఉంది. చక్రం చెక్కిన ప్రతిసారీ సస్పెన్షన్ కింద ఆ మేరకు షిమ్‌లు (ఎత్తు సరిచేసే పలుచటి రేకులు) వేయాలి, లేదా బరువు ఎంతున్నా గుమ్మం ఒకే ఎత్తులో నిలిపే లెవెలింగ్ సస్పెన్షన్ కావాలని ముందే రాయాలి. ట్రామ్‌లు కొనే విభాగం ఒకటి, స్టాపులు కట్టే విభాగం మరొకటి, ఇద్దరూ ఒక టేబుల్ దగ్గర కూర్చునేది ప్రారంభోత్సవం రోజునే. నూటికి తొంభై తలనొప్పులు అక్కడివే.

స్టాపు ఒక్కటే బాగుంటే సరిపోదనడానికి మెల్‌బోర్న్‌ని చూడండి. ప్రపంచంలోనే పెద్ద ట్రామ్ వ్యవస్థ అది. 2018–19లో లో-ఫ్లోర్ ట్రామ్ వచ్చి, దానికి సమానమైన ఎత్తున్న స్టాపు దగ్గర ఆగిన సర్వీసులు 15 శాతమేనని విక్టోరియా రాష్ట్ర ఆడిటర్ జనరల్ కార్యాలయం లెక్కతేల్చింది. స్టాపులు మార్చిన చోటికి పాత ట్రామ్‌లు, కొత్త ట్రామ్‌లు తిరిగే చోట పాత స్టాపులు. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ 1987లో మొదటి లైను తెరిచినప్పుడే రెండూ కలిపి ఆలోచించింది, అదీ అక్కడి వికలాంగుల సంఘాలు పట్టుబట్టడం వల్ల. అంతకు రెండేళ్ల ముందు మొదలైన నాంత్ ఎత్తు గుమ్మాల ట్రామ్‌లు కొని, తర్వాత వాటి మధ్యలో నేల తక్కువ ఎత్తులో ఉండే పెట్టెలు అతికించుకోవాల్సి వచ్చింది.

ఇక కట్టేటప్పుడు. అంచు రాళ్లకి కొలత రోడ్డు నుంచి కాదు, పట్టాల నుంచి తీయాలి, అదీ పట్టాలు పూర్తిగా బిగించాక. రెండు పట్టాల మీద కూర్చునే ఇనుప టెంప్లేట్ చేయించి, దాని చేయి అంచు దాకా చాచేలా పెట్టి, ప్రతి రాయి దగ్గరా ఎత్తూ దూరమూ చూసుకుంటూ పోవాలి. చివర్న ఒకేసారి కొలిస్తే తేడా తెలుస్తుంది కానీ దిద్దుకునే వీలుండదు. స్టాపు తిన్నని ట్రాక్ మీదే ఉండాలి. వంపులో ట్రామ్ కొసలు బయటికి, నడుము లోపలికి పోతాయి కాబట్టి అంచుని అంత దూరం జరపాల్సి వస్తుంది. స్టాపు రెండు చివరలు దాటాక కూడా కొంత మేర తిన్నగా ఉంటేనే ట్రామ్ అంచు వెంటే తిన్నగా వచ్చి ఆగుతుంది.

ప్లాట్‌ఫామ్ వాలు 2 శాతం చాలు, అది పట్టాల వైపు కాకుండా వెనక్కి ఉండాలి. బ్రేకు వేయని కుర్చీ, పిల్లల బండి ట్రాక్ మీదికి దొర్లకూడదు. అయితే వాన నీళ్లు వెనకే చేరతాయి, అక్కడ కాలువ పెట్టడం మరిచిపోతారు. ర్యాంప్ వాలు 12కి 1 దాటకూడదు. 300 మి.మీ. ఎత్తుకి అది 3.6 మీటర్లు, 20కి 1 పెడితే 6 మీటర్లు. చోటుంటే రెండోదే పెట్టండి.

చూపు లేనివాళ్లు కాలితోనో కర్రతోనో తడిమి తెలుసుకునేలా నేల మీద వేసే పలకలు జపాన్‌లో మియాకే సెయిచి ఆలోచన. 1967లో ఒకాయామాలో అంధుల పాఠశాల దగ్గర మొదట పరిచారు. బొడిపెలుంటే ఆగమని, పొడుగు గీతలుంటే ఇటు రమ్మని. అంచు వెంట 600 మి.మీ. వెడల్పున బొడిపెలు, మొదటి తలుపు దాకా గీతలు వేయాలి. కానీ డ్రైవరు ఒక మీటరు ముందుకో వెనక్కో ఆపితే ఆ గీతలు మనిషిని తలుపు దగ్గరికి కాదు, గోడలాంటి ట్రామ్ పక్కకి తీసుకెళ్తాయి. కాబట్టి డ్రైవరుకి కచ్చితంగా కనిపించే ఆపు గుర్తు ఉండాలి. తలుపులు వేర్వేరు చోట్ల ఉండే రెండు రకాల ట్రామ్‌లు ఒకే లైన్లో నడిపితే ఈ ఏర్పాటంతా వృథా. చెక్ నగరాల్లో మరో పద్ధతి ఉంది. చూపు లేనివాళ్ల చేతిలో చిన్న రిమోట్ ఉంటుంది, బటన్ నొక్కితే వచ్చిన ట్రామే తన నంబరు, దిశ బయటికి చెబుతుంది.

గుర్తుపట్టడం అంటారా, అది కొత్తదనంతో రాదు, చూసిందే మళ్లీ చూడటం వల్ల వస్తుంది. జర్మనీలో పసుపు బిళ్ల మీద ఆకుపచ్చ హెచ్ అక్షరం చాలు, ఊరు కొత్తదైనా స్టాపు తెలిసిపోతుంది. అదే దేశంలో హానోవర్ 1990ల మొదట్లో ఫ్రాంక్ గెహ్రీ, సొత్సాస్ లాంటి పేరున్న డిజైనర్లతో కొన్ని స్టాపుల్ని ఒక్కోటి ఒక్కో తీరుగా కట్టించింది. చూడముచ్చటగా ఉంటాయి, కానీ ఒకటి చూసినవాడికి రెండోది స్టాపని తట్టదు. స్తంభం, పేరు, మ్యాపు, బెంచీ అన్ని స్టాపుల్లోనూ ఒకే వరసలో ఉండనివ్వండి.

పేరు బోర్డు పైకప్పు మీద పెట్టడం ఇంకో జాడ్యం. ట్రామ్‌లో కూర్చున్నవాళ్లకి కిటికీ పై అంచు అడ్డొచ్చి అది కనిపించదు. కూర్చున్న కంటి ఎత్తు ప్లాట్‌ఫామ్ నుంచి సుమారు 1.2 మీటర్లు. దానికి కాస్త పైన బోర్డులు పెట్టి, పది మీటర్లకొకటి తిరిగి పెడితే ఏ కిటికీ దగ్గరున్నా పేరు దొరుకుతుంది. అద్దాల గోడ కడితే 850–1000, 1400–1600 మి.మీ. ఎత్తుల్లో రెండు రంగు పట్టీలు తప్పవు, లేదంటే ముక్కులు పగులుతాయి.

మీ షెల్టర్‌కి ఒకే ఒక్క షరతు. ప్రకటనల బోర్డుని ట్రామ్ వచ్చే వైపు పెట్టనివ్వొద్దు. అక్కడుంటే లోపలున్నవాళ్లకి ట్రామ్ కనిపించదు, డ్రైవరుకి వాళ్లు కనిపించరు. ప్రకటనలవాళ్లు ఆ చివరే అడుగుతారు, ఎదురొచ్చే బండ్లకి అదే బాగా కనిపిస్తుంది కాబట్టి. టెండరులోనే రెండో చివర అని రాసేయండి.