మా బాబుకి ఇండస్ట్రియల్ రివల్యూషన్ ఎలా చెప్పాలి? - సమాధానం
స్టీమ్ ఇంజన్, తేదీలు ఎన్నిసార్లు చెప్పినా బాబుకి ఎక్కట్లేదు అన్నారు కదండీ, ఎనిమిదేళ్ల పిల్లాడికి ఇంజన్‌తో మొదలుపెడితే ఎక్కదు మరి, వాడి ఈడు పిల్లలతో మొదలుపెట్టండి. మీరుండేది మాంచెస్టరే కాబట్టి దగ్గర్లోనే స్టయల్ అనే ఊళ్లో క్వారీ బ్యాంక్ మిల్లు ఉంది, 1784లో పెట్టిన నూలు మిల్లు, అందులో పనిచేసిన పిల్లలుండే ఇల్లు కూడా ఉంది. వెళ్లేముందు ఇంట్లో టేబుల్ కింద దూది ముక్కలు చల్లి తల ఎత్తకుండా ఏరమనండి, నడుస్తున్న మెషీన్ల కింద దూరి అప్పటి పిల్లలు చేసింది ఇదే. మావాడు రెండు నిమిషాలకే నడుం పట్టేసిందన్నాడు (నాటకాలు కొంచెం ఎక్కువే లెండి). అప్పుడు బ్రిటన్‌లో వచ్చిన 1833 ఫ్యాక్టరీ చట్టం చెప్పండి, 9 ఏళ్లలోపు వాళ్లని నూలు మిల్లుల్లో పెట్టకూడదు, ఆ పైన 13 వరకు రోజుకి 9 గంటలే అని. "తొమ్మిది గంటలు 'లే'నా?" అని మావాడే అడిగాడు.