ఒక్క రోజు తీరం ప్రయాణం: రాతి గుంటలు ఎప్పుడు, పక్షులు ఎప్పుడు?

నలుగురైదుగురు స్నేహితులు ఒక్క రోజులో రాతి గుంటల్లోని (సముద్రం తీసినప్పుడు రాళ్ల మధ్య నీరు నిలిచే గుంటల్లోని) జీవాలనూ, తీరపు పక్షులనూ చూడాలంటే ఎన్నింటికి వెళ్లాలని అడిగారు. సెలవు చూసి కాదు, ఆటుపోట్ల పట్టిక చూసి రోజు ఖాయం చేసుకోండి.

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా తీస్తుంది. మామూలుగా మునిగే ఉండే రాళ్లు అప్పుడే బయటపడతాయి. ఆటు (నీరు తీసే) వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి పాత లెక్క పనికిరాదు.

నీరు పూర్తిగా తీయడానికి గంటన్నర ముందే అక్కడుండాలి. దిగే నీటి వెంట కిందికి వెళ్లి, నీరు తిరగ్గానే వెనక్కి వచ్చేయాలి. పోటుకు ఇంకా ఆరు గంటలుందని ధీమాగా ఉండొద్దు. నీరు సమంగా ఎక్కదు: మొదటి గంటలో కొంచెమే, మూడో నాలుగో గంటల్లో దాదాపు సగం ఎక్కేస్తుంది. పైగా మీ వెనకున్న పల్లపు కాలువలు ముందు నిండుతాయి. ఒకరు ఎప్పుడూ సముద్రం వైపే చూస్తుండాలి.

గుంట మీద మీ నీడ పడకుండా కూర్చుని, రెండు మూడు నిమిషాలు కదలకండి. ఓపిక పడితే ఖాళీ గుల్ల అనుకున్నది కాళ్లు చాపి నడుస్తుంది. అది సన్యాసి పీత. రాతికంటిన జిగురు ముద్ద లాంటిది ఎనిమోన్ అనే సముద్ర జీవి. నీళ్లలో ఉంటేనే చేతులు విప్పుతుంది.

రాయి తిప్పితే, దయచేసి మళ్లీ అలాగే పెట్టండి. అడుగున అంటుకున్న స్పాంజి జీవులు, గుడ్లు ఎండకు చచ్చిపోతాయి. పైనున్న నాచు వెలుతురు లేక చస్తుంది. పీతను పక్కకు తప్పించాకే నెమ్మదిగా దించాలి. నక్షత్ర చేపను పీకితే దాని గొట్టపు పాదాలు తెగుతాయి. శంకువు ఆకారపు నత్తను అందంగా ఉందని చేతిలోకి తీసుకోవద్దు, కొన్ని జాతుల విషం ప్రాణం తీస్తుంది. ఒడ్డున చచ్చి పడున్న జెల్లీ చేప కూడా కుడుతుంది. సన్‌స్క్రీన్ రాసిన చేతులు గుంటలో ముంచొద్దు.

పక్షులకు ఇది తలకిందులు. ఆటులో అవి బురద మీద దూరదూరంగా మేస్తుంటాయి. ఎక్కే నీరు వాటిని ఒడ్డుకు దగ్గర చేస్తుంది. అందుకే పోటుకు రెండు గంటల ముందు, సూర్యుణ్ణి వెనక పెట్టుకుని కూర్చోండి. 8×42 (8 రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. ముందు అద్దమున్న) బైనాక్యులర్ చాలు, గాలిలో 10 రెట్లది వణుకుతుంది. మేత ఆపి తలలెత్తాయంటే అక్కడే ఆగండి, అయినా దించకపోతే వెనక్కి జరగండి. వేల కిలోమీటర్లు ఎగరాల్సిన పక్షులకు ఆ మేతే బలం. ఎగరగొట్టి ఫొటో తీయడం నాకు అస్సలు నచ్చని పని.

చెప్పులు వద్దు, వేళ్లు మూసే రబ్బరు అడుగు బూట్లు వేసుకోండి. నల్లగా, పచ్చగా మెరిసే నాచు మీద అవీ జారతాయి. గరుకుగా పొడిగా ఉన్న రాయి మీదే అడుగేయండి. బైనాక్యులర్ అద్దాన్ని ఒడ్డున గుడ్డతో తుడవొద్దు, ఇసుక రేణువులు గీతలు పెడతాయి. ముందు బ్రష్‌తో దులపండి.