నొప్పి మెడదా, భుజానిదా? నాకు రెక్క ఎముక దగ్గర తేలింది

చెయ్యి ఎత్తితే భుజం నుంచి మోచేతి దాకా లాగుతోంది, ఎక్స్‌రేలో మెడపూసలు అరిగాయన్నారు, ఇంతకీ నొప్పి మెడదా భుజానిదా అని ఒకరు అడిగారు. ఇదే ప్రశ్నతో నేను నాలుగు నెలలు తిరిగాను.

నేను లెక్కల టీచర్ని. ఓ రోజు బోర్డు పైన తేదీ వెయ్యబోతే చెయ్యి సగంలోనే ఆగిపోయింది. ఐదు, ఆరు మెడపూసల మధ్య సందు తగ్గిందని మెడకి పెట్టుకునే కాలర్ పట్టీ రాసిచ్చారు. రెండు నెలలు పెట్టుకున్నా. పిల్లలు నవ్వుకున్నారు, నొప్పి మాత్రం కదల్లేదు. నలభై దాటాక ఏ నొప్పీ లేనివాళ్ళ ఎక్స్‌రేలో కూడా ఈ అరుగుదల మామూలేనట. ఈలోగా నా జడ మా అమ్మాయే వేసేది.

తర్వాత కలిసిన ఫిజియోథెరపిస్టు, మా అమ్మాయి బొటనవేలిని నా రెక్క ఎముక (భుజం వెనక, వీపు మీద ఉండే పలక లాంటి ఎముక) కింది మూల మీద పెట్టించి, చెయ్యి పక్కకి ఎత్తమంది. బాగున్న చెయ్యి కొంత లేచాకే ఎముక బాగా జరిగింది. నొప్పి చెయ్యి ఎత్తగానే, "అమ్మా, ఇది ముందే పరిగెడుతోందే!" అంది మా పిల్ల.

రెక్క ఎముక వెన్నెముకకి ఎక్కడా అతుక్కుని ఉండదు. పక్కటెముకల మీద, కండరాల మధ్య జారుతూ ఉంటుంది. చేతిని మొండేనికి ఎముకతో కలిపే కీలు ఒక్కటే, కాలర్ ఎముక రొమ్ము ఎముకను తాకే చోట. చెయ్యి నిటారుగా 180 డిగ్రీలు లేవాలంటే దాదాపు 120 భుజం కీలులోనూ, మిగతా 60 రెక్క ఎముక తిరగడం వల్లా వస్తాయి. నా కీలు చుట్టూ ఉన్న సంచి బిగుసుకుపోయింది కాబట్టి ఆ పని కూడా రెక్క ఎముకే నెత్తినేసుకుంది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నమాట. షుగరు ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ. నాకుంది.

మీరూ చూసుకోండి. మోచెయ్యి నడుముకి ఆనించి వంచి, ముంజేతిని తలుపు తీసినట్టు బయటికి తిప్పండి. పక్కవాళ్ళు మెల్లగా తిప్పినా రాకపోతే భుజం కీలే బిగిసిందని అనుమానించాలి. అలా కాక, మెడ వెనక్కి వంచి నొప్పి వైపు తిప్పినప్పుడు చేతిలోకి కరెంటు కొట్టినట్టు పాకితే మెడ నరం కావచ్చు. మెడలో పూసలు ఏడే అయినా నరాల జతలు ఎనిమిది. ఆరోది నొక్కుకుంటే సాధారణంగా బొటనవేలు, ఏడోదైతే మధ్యవేలు, ఎనిమిదోదైతే చిటికెన వేలు తిమ్మిరెక్కుతాయి.

చేతిలో వస్తువులు జారిపోతున్నా, నడక తూలుతున్నా ఈ పరీక్షలు మానేసి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఛాతీ బిగపట్టినట్టుంటే అసలు ఆలస్యం చెయ్యొద్దు, ముందు ఈసీజీ.

నాకు తగ్గడానికి ఏడాది పైనే పట్టింది. ఇప్పుడు జడ నేనే వేసుకుంటున్నా. మీకు తిమ్మిరి ఉందా? ఉంటే ఏ వేళ్ళలో?