పాత బస్తీలో కొత్త కట్టడం: కమిటీలో చేరిన అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. పాత బస్తీలో కొత్తగా కట్టబోయే వాటి ప్లాన్లు చూసే కమిటీలో నిన్ను వేశారని మీ నాన్న చెప్పగానే మీ పెద్దమ్మా నేనూ ఎంత సంతోషపడ్డామో! మొన్న ఫోన్లో నువ్వు "టెన్షన్‌గా ఉంది పెదనాన్నా, అంత పెద్దవాళ్ళ మధ్య కూర్చుని ఏం అడగాలో తెలియట్లేదు" అన్నావు. అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచక "అన్నీ అవే తెలుస్తాయిలే" అనేశాను. అది నిజం కాదు. అవే తెలియవు. ముప్పై ఏళ్ళు ప్లాన్లు చూసిన వాణ్ణి, నాకు కొన్ని సంగతులు చాలా ఆలస్యంగా తెలిశాయి. నీకు ముందే తెలియాలని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఫైలు విప్పే ముందు వీధికి వెళ్ళు. ఆర్కిటెక్ట్ ఇచ్చే ప్లాన్‌లో వాళ్ళ స్థలం ఒక్కటే ఉంటుంది. పక్కన "పొరుగువారి కట్టడం" అని రెండు గీతలు గీసి వదిలేస్తారు. నీ పనంతా ఆ రెండు గీతల దగ్గరే ఉంది. పొద్దున్న ఏడింటికి, షట్టర్లు ఇంకా లేవకముందు, మదీనా చౌరస్తా దగ్గర దిగి పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్ దాకా నడువు. పగలైతే జనం, బండ్లు, ఫ్లెక్సీలు కమ్మేసి కట్టడాలు కనిపించవు. పొద్దున్నే అయితే ఆ గ్రానైటు కమాన్లు వరసగా, ఒకే ఎత్తులో, ఒకే గీత మీద నిలబడి కనిపిస్తాయి. కింద మల్గీలు, అంటే దుకాణాలు, పైన మనుషులు ఉండే గదులు. ఒక కమానుకీ ఇంకో కమానుకీ మధ్య ఎన్ని అడుగులు పడుతున్నాయో నడుస్తూ లెక్కపెట్టుకో. కింది అంతస్తు ఎంత ఎత్తు, ఛజ్జా (ఎండా వానా ఆపే చూరు) ఎక్కడ మొదలవుతుంది, నీడ ఎక్కడ దాకా పడుతోంది, అన్నీ చిన్న పుస్తకంలో రాసుకో. ఆ పుస్తకం నీ దగ్గరుంటే కమిటీలో ఎవరెంత గట్టిగా మాట్లాడినా నీకు భయం ఉండదు.

పత్తర్‌గట్టీని ముందు చూడమనడానికి ఇంకో కారణం ఉంది. అది చార్మినార్ కాలం నాటిది కాదు. చార్మినార్ 1591 నాటిది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ముంచేశాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేసి, రోడ్లు వెడల్పు చేసి, పత్తర్‌గట్టీ కట్టించింది ఆ బోర్డే. అంటే మనం ఇవాళ కాపాడుకుంటున్న ఆ వీధి, మూడు వందల ఏళ్ళు దాటిన ఊరి నడిబొడ్డున వచ్చిన కొత్త కట్టడమే! నాలుగు మీనార్లు పెట్టి చార్మినార్‌ని అనుకరించలేదు. దానికంటే ఎత్తు లేవలేదు. దాని దాకా వెళ్ళే మనిషికి నీడనిచ్చే వరస కమాన్లుగా నిలబడింది. కమిటీలో చేరగానే చాలామంది "కొత్తది వద్దు" అనే వైపు వెళ్ళిపోతారు. మొదటి రెండేళ్ళు నేనూ అంతే. కొత్తది రావడంలో తప్పు లేదు తల్లీ. పక్కవాళ్ళని చూసుకుని వస్తోందా, చూసుకోకుండా వస్తోందా అన్నదే నువ్వు తేల్చాల్సింది.

ఇక ఎత్తు సంగతి. ఇందులో నా వల్ల జరిగిన తప్పు నీకు చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందట ఒక పాత కమాను వెనక సందులో మూడంతస్తుల ఇంటికి ప్లాన్ వచ్చింది. ఎలివేషన్ చక్కగా ఉంది. ఎత్తు ఎంత అని చూశాను, పై స్లాబు దాకా వేసిన కొలత సరిపోయింది. సంతకం పెట్టేశాను. ఇల్లు పూర్తయ్యాక ఒకరోజు ఆ దారిన వెళ్తూ కమాను ఎదురుగా ఆగాను. కమాను మధ్యలోంచి అంతకు ముందు ఆకాశం కనిపించేది. ఇప్పుడు మెట్ల మీది హెడ్‌రూమ్, దాని నెత్తిన నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, పక్కనే సెల్ టవర్ గడ కనిపిస్తున్నాయి. ఆ ఇంటాయన మోసం చేయలేదు. స్లాబు పైన ఏం వస్తుందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పటికీ ఆ వైపు వెళ్తే నా కళ్ళు ముందు ఆ ట్యాంకు మీదికే పోతాయి.

అందుకని ఎత్తు అంటే పిట్టగోడ, హెడ్‌రూమ్, వాటర్ ట్యాంకు, లిఫ్ట్ గది అన్నీ కలిపి అని గట్టిగా పట్టుకో. జాతీయ స్మారక చిహ్నాల ప్రాధికార సంస్థ ఇచ్చే ఎన్ఓసీల్లో (అభ్యంతరం లేదనే పత్రాల్లో) కూడా ఇవన్నీ కలిపే ఎత్తు రాస్తారు. అంకె చూసి ఊరుకోకు. ఆ తప్పు తర్వాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. పొడుగాటి వెదురు గడకి ఎర్ర గుడ్డ కట్టి, కట్టబోయే ఎత్తుకి సరిగ్గా ఆ స్థలంలో నిలబెట్టమని ఇంటివాళ్ళని అడిగేవాణ్ణి. తర్వాత వీధి ఈ చివర నుంచీ ఆ చివర నుంచీ, కమాను కింద నుంచీ, రెండు వైపులా నిలబడి చూసేవాణ్ణి. ఎర్ర గుడ్డ కనిపిస్తే అక్కడ రేపు గోడ కనిపిస్తుంది. కంప్యూటర్ బొమ్మలో ఆకాశం ఎప్పుడూ నీలంగా, వీధి ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది, దాన్ని నమ్ముకోకు. గడ పాతడానికి పెద్ద ఖర్చు కాదు. ఒకసారి ఎర్ర గుడ్డ చూసి ఇంటాయనే "సార్, ఒక అంతస్తు తగ్గిస్తాను" అన్నాడు. నేను నోరు తెరవనే లేదు.

చట్టం గురించి నీకు క్లాసులో చెప్పే ఉంటారు. అయినా రెండు చోట్ల అందరూ తడబడతారు. పురాతన కట్టడాల రక్షణకి తెచ్చిన 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల దాకా నిషేధిత ప్రాంతం. అక్కడి నుంచి ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. చార్మినార్ ఆ రక్షణలో ఉన్నదే. ఈ 100 మీటర్లు కట్టడం మధ్య నుంచి కొలవరు, రక్షిత స్థలం సరిహద్దు నుంచి కొలుస్తారు. కొలత గీత ఎక్కడ మొదలైందో మ్యాపులో వేలు పెట్టి చూపించమను. పదడుగుల తేడాలో ఒక ఇల్లు నిషేధం లోపలికీ బయటికీ మారిపోతుంది.

రెండోది "మరమ్మతు" అన్న మాట. నిషేధిత ప్రాంతంలో కొత్తగా కట్టకూడదు. ముందు నుంచీ ఉన్న ఇంటిని బాగు చేసుకోవచ్చు, అదీ అనుమతి తీసుకుని. చట్టంలో నిర్మాణం, పునర్నిర్మాణం, మరమ్మతు మూడూ వేరు వేరు. పైకైనా పక్కకైనా పెంచితే అది నిర్మాణం. పడగొట్టి మళ్ళీ అదే కొలతల్లో కట్టినా అది పునర్నిర్మాణమే, మరమ్మతు కిందికి రాదు. ఫైలు మీద "మరమ్మతు" అని ఉండి లోపల కొత్త పిల్లర్ల డ్రాయింగు కనిపిస్తే, ఆ ఫైలు పక్కన పెట్టి మనిషిని పిలిచి అడుగు. చాలాసార్లు పాపం వాళ్ళకే తేడా తెలియదు, మేస్త్రీ చెప్పింది రాయించుకుని వస్తారు.

పునాది గురించి కమిటీల్లో ఎవరూ మాట్లాడరు. అందరూ ముఖం చూస్తారు, కాళ్ళు చూడరు. పాత బస్తీలో చాలా ఇళ్ళకి ఉమ్మడి గోడలు. రాయీ డంగు సున్నమూ పెట్టి కట్టిన లావు గోడ, అటు ఇంటిదీ అదే, ఇటు ఇంటిదీ అదే. ఇటు వైపు పడగొడితే అటు గోడ చలికి దుప్పటి లాగేసినట్టు బయటపడుతుంది. పైగా సెల్లార్ కోసం జేసీబీ పెట్టి తవ్వితే పొరుగింటి పునాది కింద మట్టి జారుతుంది. నేను ఒక ఇంట్లో చూశాను. పక్క స్థలంలో తవ్వకం మొదలైన నాలుగో రోజుకి వంటగది గోడలో బీట పడింది. ఆ ఇంటి ముసలమ్మ బీట మీద పెన్సిలుతో అడ్డంగా గీత గీసి, పక్కన తేదీ రాసి పెట్టుకుంది. వారం తర్వాత ఆ గీత రెండు ముక్కలై, వాటి మధ్య నా చిటికెన వేలు పట్టింది. ఏ ఇంజనీరూ ఇవ్వని సాక్ష్యం ఆవిడ ఇచ్చింది. అప్పటి నుంచి సెల్లార్ అడిగిన ప్రతి ఫైలుకీ పొరుగిళ్ళ లోపలి ఫొటోలు, తవ్వకానికి ముందు తీసినవి, తేదీతో సహా జత చేయమని అడిగేవాణ్ణి. నువ్వూ అడుగు. ఉమ్మడి గోడకి ఊతం ఎలా ఇస్తారో డ్రాయింగు లేకుండా ఒప్పుకోకు.

పాత గోడకి సిమెంటు పూస్తామన్నా ఒప్పుకోకు. సున్నపు గోడ చెమ్మని పీల్చి వదిలేస్తుంది. మీద సిమెంటు వేస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, ఉప్పు పొంగి, గోడ పొరలు పొరలుగా రాలుతుంది. 2019 మేలో చార్మినార్ మీనారు నుంచే నగిషీ ముక్క ఊడి కింద పడింది, గుర్తుందా? అంత కాపలా ఉన్న కట్టడంలోనే అలా జరిగితే సందులో ఉన్న దేవిడీ (పాతకాలపు పెద్దవాళ్ళ భవంతి) గోడని ఎవరు చూస్తారు?

ఇంకో రకం ఫైళ్ళు వస్తాయి. వాటిని చూస్తే నాకు చాలా బాధ. లోపల మామూలు షాపింగ్ కాంప్లెక్సు, ముందు మాత్రం ఫైబర్ కమాన్లు, పైన నాలుగు బుల్లి గుమ్మటాలు. "హెరిటేజ్ లుక్ ఇచ్చాం మేడమ్" అని మీ ముందు పెడతారు. కమిటీలో చాలామంది తల ఊపుతారు కూడా. నువ్వు కింది అంతస్తు చూడు. వీధిలో నడిచే మనిషికి కనిపించేది అదే. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే గాజు పలక ఉందా, లేక పక్క మల్గీల వెడల్పుకి సరిపోయేలా విడివిడి వాకిళ్ళు ఉన్నాయా? వీధి గీత మీదే నిలబడిందా, కారు పార్కింగు కోసం వెనక్కి జరిగి వరసలో పన్ను ఊడినట్టు ఖాళీ వదిలిందా? ఎండలో నిలబడిన వాడికి నీడ ఇస్తోందా? ఏసీ యూనిట్లు, జనరేటరు, బోర్డులు ఎక్కడ పెడతారు? వీటికి మంచి జవాబులున్న సాదా గోడ, గుమ్మటాలు అతికించిన గాజు డబ్బా కంటే వంద రెట్లు నయం. ఫైబర్ కమాను పెట్టిన వాడికి ఒకటే ప్రశ్న వెయ్యి: "ఈ కమాను ఏ బరువు మోస్తోంది?"

ఇప్పుడు మనుషుల మాట. నీ ఎదురుగా కూర్చునే వాళ్ళందరూ బిల్డర్లు కాదు. పాత ఇంటికి పన్నెండు మంది వారసులుంటారు. నలుగురు వేరే దేశంలో, ఇద్దరు కోర్టులో. ఉన్నవాళ్ళు కారుతున్న పైకప్పు కింద బకెట్లు పెట్టుకుని బతుకుతుంటారు. "మీ ఇల్లు మన ఊరికే గర్వకారణం" అని చెప్పి పంపేస్తే వాళ్ళకి ఏం ఒరిగింది? ముందు వాళ్ళకి ఏం కావాలో కనుక్కో. ఒక బాత్రూము, ఒక గట్టి మెట్ల దారి, అద్దెకిచ్చుకునే రెండు గదులు, చాలాసార్లు అంతే. దానికి ఇల్లంతా పడగొట్టక్కర్లేదని డ్రాయింగు వేసి చూపిస్తే సగం మంది అక్కడే ఆగిపోతారు. లాడ్ బజార్ పక్క సందుల్లో అయితే పై గదుల్లో లక్క గాజులు చేసేవాళ్ళున్నారా అని తప్పకుండా అడుగు. బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించి, గుండ్రంగా వంచి, వేడి మీదే రాళ్ళు పొదుగుతారు. వాళ్ళకి పొగ పోయే దారి కావాలి, అద్దె పెరగకూడదు. కొత్త కట్టడంలో వాళ్ళకి చోటు లేకపోతే కమాను ఉన్నా ఆ బజారు ఉండదు. ప్లాన్‌లో ఈ గడి ఎక్కడా ఉండదు. అడిగే మనిషి నువ్వే కావాలి.

"ఇల్లు శిథిలావస్థలో ఉంది, కూల్చాలి" అని సర్టిఫికెట్ తెస్తే, ఆ కాగితం ఇచ్చిన ఇంజనీరు లోపలికి వెళ్ళి చూశాడా, రోడ్డు మీద నుంచే రాశాడా కనుక్కో. నువ్వు స్వయంగా మేడ ఎక్కు. వాననీటి గొట్టం కావాలని మూసేసిన ఇళ్ళు నేను రెండు చూశాను. నిజంగా కూలేలా ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకు. ఏ కట్టడమూ మనిషి ప్రాణం కంటే ఎక్కువ కాదు.

కమిటీలో "నాకు నచ్చలేదు" అన్న మాట నీ నోట రాకూడదు. కొలత చెప్పు, చోటు చెప్పు, కారణం రాయి. "పక్క రెండు కట్టడాల పిట్టగోడ కంటే ఇది ఇన్ని అడుగులు ఎత్తు, అందుకని ఒక అంతస్తు తగ్గించాలి" అని రాస్తే ఇంటాయనకీ అర్థమవుతుంది, రేపు కోర్టులోనూ నిలుస్తుంది. 2019లో ఎర్రమంజిల్ కేసులో, ఆ పాత ప్యాలెస్‌ని కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్నే హైకోర్టు కొట్టేసింది కదా, ఆ తీర్పు తీరిక చేసుకుని చదువు. ఒప్పుకున్నప్పుడు కూడా కారణం రాయి. వచ్చే ఏడాది అలాంటిదే ఇంకో ఫైలు వస్తే అదే నీకు కొలబద్ద. అప్లికేషన్ పెట్టినవాళ్ళు ఇంటికి వస్తామంటే వద్దను. మన బంధువులదో, నీ క్లాస్‌మేట్‌దో ప్లాన్ వస్తే ముందే చెప్పి ఆ పూటకి బయటికి వచ్చెయ్. మీటింగు తర్వాత పని అయిపోయిందనుకోకు. పైకప్పు వేసే ముందు ఒకసారి, పూర్తయ్యాక ఒకసారి వెళ్ళి, ఒప్పుకున్న డ్రాయింగు చేత్తో పట్టుకుని చూడు. నేను ఆ కమాను దగ్గరికి ముందే ఒకసారి వెళ్ళి ఉంటే ఆ ట్యాంకుని వెనక మూలకి జరిపించగలిగేవాణ్ణి.

నీ మొదటి మీటింగు వచ్చే గురువారం అన్నావు కదా. ఈ ఆదివారం పొద్దున్న ఏడింటికి గుల్జార్ హౌజ్ దగ్గరికి రా. నాలుగు కమాన్ల మధ్య నిలబడితే నాలుగు దిక్కులూ ఒకేసారి కనిపిస్తాయి, అక్కణ్ణించి మొదలుపెడదాం. నా పాత టేపు తెస్తాను. నువ్వు పుస్తకం, పెన్సిలు, సౌకర్యంగా ఉండే చెప్పులు తెచ్చుకో. టిఫిన్ తినకుండా రా, మీ పెద్దమ్మ ఇడ్లీ కట్టిస్తానంది.

ఇట్లు,
మీ పెదనాన్న