పుట్టింట్లో నాలుగో రోజుకే గొడవ ఎందుకవుతోంది?

ప్రశ్న: మా పుట్టిల్లు రాజోలు దగ్గర. అత్తగారిది భీమవరం. మేం డల్లాస్‌లో ఉంటాం. రెండేళ్లకోసారి మూడు వారాలకు వస్తాం. అన్నాళ్లు ఎదురుచూసి వస్తే, నాలుగో రోజుకే అమ్మతోనో వదినతోనో మాటామాటా పెరుగుతుంది. నాన్నకి సుగరు, బీపీ. బాగా తగ్గిపోయారు. సరిగ్గా చూడట్లేదేమోనని కోపం, నేను దగ్గర లేనన్న బాధ. తిరిగెళ్లాక రోజుల తరబడి ఏడుపే. రావడం తగ్గించుకోమంటారా?

జవాబు: వద్దు, తగ్గించుకోకండి. వచ్చాక రోజులు గడిచే తీరు మార్చుకోండి చాలు.

ముందు ఆ నాలుగో రోజు సంగతి. చలికాలంలో డల్లాస్‌కీ మనకీ పదకొండున్నర గంటల తేడా. ఒంట్లోని గడియారం రోజుకి సుమారు గంట చొప్పునే సర్దుకుంటుంది. అంటే మొదటి వారమంతా తెల్లవారుజామున మూడింటికే మెలకువ, సాయంత్రానికి తల వాలిపోవడం. సరిగ్గా ఆ వేళకే చుట్టాలు దిగుతారు. నిద్ర చాలని మనిషికి చిన్న మాట కూడా సూదిలా గుచ్చుకుంటుంది. పొద్దున్నే ఎండ తగిలేలా కాలవ గట్టు మీద అరగంట నడవండి. పగటి నిద్ర అరగంట దాటనివ్వకండి. మొదటి వారం సాయంత్రం అయిదు దాటాక నాన్నగారి ఆరోగ్యం, డబ్బు, పొలం ఊసు ఎత్తకండి. చూడ్డానికి వచ్చేవాళ్లని పొద్దున పూట రమ్మని అమ్మగారితోనే చెప్పించండి.

అసలు ముడి వదినగారి దగ్గరుంది. నాన్నగారికి రోజూ మాత్రలిచ్చేది, పథ్యం వండేది, ఆయన విసుగు భరించేది ఆవిడే. మీరు వచ్చీరాగానే "అన్నం ఇంత పెడుతున్నారేంటి, ఈ మాత్ర ఎందుకు మానేశారు" అంటే ఆవిడకి అది తనిఖీలా ఉంటుంది. "నువ్వు నాలుగు రోజులుండి పోతావు, ఇక్కడ ఉండాల్సింది మేం" అన్న మాట అప్పుడే వస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు, అందుకే అంత మంట. దూరంగా ఉన్నానన్న మీ బాధ ఎవరో ఒకరి తప్పు వెతుక్కుంటోంది. దగ్గర్లో దొరికేది ఆవిడే.

వచ్చిన రెండో రోజో మూడో రోజో, వంటింట్లో ఇంకెవరూ లేనప్పుడు, "వదినా, నాన్నతో నీకు బాగా కష్టంగా ఉన్నదేంటి?" అని అడగండి. అడిగి ఊరుకోండి. ఆవిడ చెప్పేది రాత్రిళ్లు లేవడం కావచ్చు, స్వీట్లు దాచి తినడం కావచ్చు, అయిదేళ్లుగా పుట్టింటికి వెళ్లలేకపోవడం కావచ్చు. చెప్పినవాటిలో ఒక్కటి ఈ ప్రయాణంలోనే తీర్చండి. పనిమనిషి జీతం మీరు భరించడం, బాత్రూంలో పట్టుకునే కడ్డీ బిగించడం, లేదా వారం రోజులు నాన్నగారి బాధ్యత మీరు తీసుకుని ఆవిడని పుట్టింటికి పంపడం. ఆఖరిది అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. ఆ వారంలో నాన్నగారి సంగతి మీకూ తెలిసొస్తుంది.

డాక్టర్ దగ్గరికి మొదటి వారంలోనే వెళ్లండి, ఆఖరి వారంలో కాదు. మందు మారిస్తే, అది పడిందో లేదో చూడ్డానికి వారం పది రోజులు మీ చేతిలో ఉండాలి. పరగడుపు రక్తపరీక్షతో పాటు హెచ్‌బీఏ1సీ కూడా చేయించండి. రెండు మూడు నెలల సుగరు సగటు తెలుస్తుంది కాబట్టి, ఒక్కరోజు అంకె పట్టుకుని ఎవరినీ నిలదీయక్కర్లేదు. డాక్టర్ గదిలోకి వదినగారినీ తీసుకెళ్లండి. మాటలు ఇద్దరూ ఒకేసారి వింటే తర్వాత ఫోన్లో వాదన ఉండదు.

అత్తిల్లు, పుట్టిల్లు పంపకం టిక్కెట్లు కొనేముందే మీ ఆయనా మీరూ తేల్చుకుని, ఇద్దరు అమ్మలకీ అవే తేదీలు చెప్పండి. చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, అక్కణ్ణించి భీమవరం ఎంతోసేపు పట్టదు. ఆ దగ్గరతనమే చిక్కు: "ఓ పూట వచ్చి వెళ్లొచ్చుగా" అంటూ సగం రోజులు కార్లోనే పోతాయి. అక్కడ ఒక విడత, ఇక్కడ ఒక విడత, అంతే. గ్రీన్ కార్డు ఎప్పుడొస్తుందని అడిగేవాళ్లకి "లైన్లో ఉన్నాం పిన్నీ" చాలు. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతమే అన్న పరిమితి గురించి పేరంటంలో ఎవరికీ అక్కర్లేదు.

వెళ్లే ముందు రాత్రి ఏడుపంతా పెట్టె దగ్గరే మొదలవుతుంది. పెట్టెకి ఇరవైమూడు కిలోలే, అమ్మగారు పెట్టినవి ముప్పై. తీసేసిన ప్రతి సీసా ఆవిడకి తనని వద్దన్నట్టే ఉంటుంది. అందుకని వచ్చిన వారంలోనే "ఈసారి పచ్చళ్లకీ పొడులకీ ఆరు కిలోలమ్మా, ఏవి పెడతావో నీ ఇష్టం" అని చెప్పేయండి. కోడి పచ్చడి అమెరికాలోకి రానివ్వరు, అదీ ముందే చెప్పండి. ప్రయాణానికి రెండ్రోజుల ముందే పెట్టెలు కట్టి తూచేస్తే, ఆ ఆఖరి సాయంత్రం అరుగు మీద కూర్చోడానికి మిగులుతుంది. ఆస్తి మాటలు ఆ పూటకి అస్సలు పెట్టుకోకండి.

వెళ్లాక ఫోనుకి ఒక వేళ కట్టండి. మన ఆదివారం పొద్దున ఎనిమిది, చలికాలంలో మీకు శనివారం రాత్రి ఎనిమిదిన్నర. కాసేపు నాన్నగారితో, కాసేపు వదినగారితో విడిగా. దిగులు రెండు వారాలు దాటినా తగ్గక, నిద్రా తిండీ పనీ దెబ్బతింటుంటే అక్కడి డాక్టర్‌ని కలవండి. ఇల్లు బోసిపోయి అమ్మగారు కూడా తిండి మానేసి కూర్చుంటుంటే, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలిమానస్ 14416కి అన్నయ్య చేత ఫోన్ చేయించండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.