పారిష్ కౌన్సిల్‌లోకి వెళ్తున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

నిన్ను మీ క్యాథలిక్ చర్చి పారిష్ కౌన్సిల్‌లోకి తీసుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషం వేసింది. ఇన్నేళ్లు సికింద్రాబాద్‌లో ఈ మీటింగుల్లో కూర్చున్నదాన్ని కదా, నాకు తెలిసింది రాసి పెడుతున్నా, తీరిగ్గా చదువుకో.

మొదటి రోజే నీకు పండగ డెకరేషను, భోజనాలు, పిల్లల క్యాటెకిజం, అదే మతబోధన క్లాసులు, అప్పజెప్తారు చూడు. క్యాటెకిజం తీస్కో, అది నిజంగా పెద్ద పని. మిగతావి మగవాళ్లకి కూడా పంచమని అక్కడే అడుగు, తర్వాత అడిగితే ఎవరూ వినరు. బ్యాంకులో రోజూ లోన్ ఫైళ్లు చూసే పిల్లవి, నన్ను లెక్కలు చూసే ఫైనాన్స్ కౌన్సిల్‌లో వెయ్యండి ఫాదర్ గారూ అని నోరు తెరిచి అడుగు. ప్రతి విచారణకీ, అంటే ప్రతి పారిష్‌కీ, అది ఉండి తీరాలని మన చర్చి చట్టం కానన్ లా 537లో ఉంది, మగవాళ్లే ఉండాలని ఎక్కడా లేదు. 1287 కూడా చదువు, విశ్వాసులిచ్చిన కానుకలకి విశ్వాసులకే లెక్క చెప్పాలని అందులో ఉంది.

ఆదివారం కానుకల సంచులు విప్పేటప్పుడు ఒక్కరే ఉండకూడదు. నోట్లు వేరు, చిల్లర వేరు, ఫలానా వాళ్ల కోసం పూజ చెయ్యమని ఇచ్చే ఇంటెన్షన్ల కవర్లు వేరు పెట్టి, షీటు మీద అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, లెక్కపెట్టిన వాళ్లంతా సంతకం చెయ్యాలి. పెన్సిల్‌తో రాస్తే ఒప్పుకోకు. ఎవర్నో అనుమానించడం కాదమ్మా ఇది, ఇళ్లల్లో పని చేసుకుని ఇరవై రూపాయలు వేసే ఆవిడకి మనం ఇచ్చే మర్యాద.

ఇంకోటి, కౌన్సిల్ సలహా మాత్రమే ఇస్తుంది, ఆఖరి మాట విచారణ గురువులదే, అంటే ఫాదర్ గారిదే. అది తెలుసుకుని వెళ్తే ఊరికే కోపం రాదు. అందుకే మినిట్స్ ముఖ్యం, నువ్వు చెప్పింది రాయించు, తర్వాతి మీటింగ్‌లో చదివించు, రాసి ఉన్నదాన్ని దాటేయడం ఎవరికైనా కష్టమే.

ఆడవాళ్లకి ఇవన్నీ ఎందుకు అనే పెద్దాయన ఒకరు ఎక్కడైనా ఉంటారు. గొడవ పడకు, గుంటూరు జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసెఫ్) మఠం సిస్టర్, డాక్టరు మేరీ గ్లోరీ గారి సంగతి చెప్పు, 1943లో ఆవిడ మొదలుపెట్టిన క్యాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫీసు మన సికింద్రాబాద్‌లోనే ఉంది కదా. రోమ్‌లో 2023 సినడ్‌లో, అంటే బిషప్పుల మహాసభలో, 50 మందికి పైగా ఆడవాళ్లు ఓటేశారు. 2025 జనవరిలో సిస్టర్ సిమోనా బ్రాంబిల్లా వాటికన్‌లో ఒక శాఖకి అధిపతి అయ్యారు, పక్కనే ఒక కార్డినల్‌ని కూడా పెట్టారు, అది నాకు వెలితిగానే ఉంది. అదే ఏడాది మార్చిలో సిస్టర్ రఫయేల్లా పెట్రీని వాటికన్ సిటీ పాలన చేపట్టారు.

ఆడవాళ్లకి గురుపట్టం, అంటే ఫాదర్‌లుగా చెయ్యడం, ఆ సంగతి మాత్రం ఆ మీటింగ్‌లో ఎత్తకు. ఇవ్వడానికి శ్రీసభకి, అదే క్యాథలిక్ చర్చికి, అధికారం లేదని 1994లోనే రెండో జాన్ పాల్ పోపుగారు రాశారు, నీ మనసులో ఏమున్నా అది మన విచారణలో తేలేది కాదు, అది ఎత్తితే లెక్కల సంగతి పక్కకి పోద్ది. దాని బదులు పూజలో బైబిల్ పఠనాలు చదివే మన అమ్మాయిల గురించి అడుగు, 2021 నుంచి ఆడవాళ్లకి కూడా ఆ సేవ మేత్రాణుల (బిషప్పుల) చేత అధికారికంగా ఇప్పించొచ్చు, చాలామందికి ఈ సంగతే తెలీదు.

మీటింగ్ టైము కూడా చూస్కో. ఆదివారం రెండో పూజ అవ్వగానే పెడితే ఆడవాళ్లు వంటకి ఇంటికి పరిగెడతారు, శనివారం సాయంత్రానికి మార్పించు. కాన్వెంట్ సిస్టర్లని పాటలకే కాకుండా మీటింగ్‌కి కూడా పిలవమను, స్కూలు అంతా నడిపేది వాళ్లే.

ఎజెండా రాగానే నాకు వాట్సాప్ చెయ్యి, పోయిన ఏడాది లెక్కల షీటు దొరికితే అది కూడా పట్టుకురా, శుక్రవారం ఇంట్లోనే ఉంటా, కూర్చుని చూద్దాం.

నీ పెద్దమ్మ