గొంతులో ముల్లు దిగితే ముద్ద మింగొద్దు

ప్రశ్న: నిన్న రాత్రి చేప ముల్లు గొంతులో గుచ్చుకుంది. పెద్దవాళ్లు చెప్పారని రెండు పెద్ద ముద్దలు నమలకుండా మింగాను. అయినా గుటక వేసినప్పుడల్లా ఒకే చోట పొడుస్తోంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. రెండు రోజులు ఆగి చూడొచ్చా?

జవాబు: ఆగొద్దు. ఈ రోజే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోండి. చాలా చేప ముళ్లు ఎక్స్‌రేలో కనిపించవు కాబట్టి ఆ ఫిల్ము చూసి ధైర్యపడటానికి లేదు. ముల్లు ఎక్కువగా టాన్సిల్‌లోనో, నాలుక మొదట్లోనో దిగుతుంది. అక్కడుంటే నోరు తెరిపించి, లైటు వేసి, ఫోర్‌సెప్స్‌తో నిమిషాల్లో తీసేస్తారు. కనపడకపోతే ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి వెతుకుతారు. అక్కడా దొరక్కపోతే సీటీ స్కాన్, అవసరమైతే ఎండోస్కోపీ (నోట్లోంచి అన్నవాహికలోకి కెమెరా గొట్టం దించి చూడటం).

ముల్లు జారిపోయినా గీరుకున్న చోట ఒకటి రెండు రోజులు మంట ఉండొచ్చు. కానీ అది గంటగంటకూ తగ్గుతూ పోవాలి. మీకు తగ్గడం లేదు, చోటూ మారడం లేదు. ముల్లు ఉందనే అనుకోవాలి.

ముద్ద మింగమన్నవాళ్లు మీ మంచికే చెప్పారు గానీ, పైన అందుబాటులో ఉన్న ముల్లును అది లోతుకు దించుతుంది, లేదా అన్నవాహికలోకి తోస్తుంది. అన్నవాహిక గోడ పలచన. చిల్లు పడితే లాలాజలంతో పాటు క్రిములు మెడలోకి, ఛాతీలోకి చేరి చీము పడుతుంది. పక్కనే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఉంటుంది. అరుదే అయినా ముల్లు దానిదాకా వెళితే ప్రాణం మీదికొస్తుంది. వేలు పెట్టి కెలకడం, కావాలని వాంతి చేసుకోవడం కూడా ప్రమాదమే. డాక్టరు చూసేదాకా ఏమీ తినకండి, తాగకండి. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి.

జ్వరం, ఛాతీలో నొప్పి, మెడ వాపు, నొక్కితే చర్మం కింద కరకరలాడటం, ఉమ్మి కూడా మింగలేకపోవడం, నోట్లోంచి రక్తం, ఊపిరాడకపోవడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి.

ప్రశ్న: పాప తెరిచి ఉన్న పిన్నీసు మింగింది. విరేచనంలో పోతుందంటున్నారు. నిజమేనా?

జవాబు: అది ఎక్కడుందో తెలియకుండా అలా అనకూడదు. వెంటనే ఎక్స్‌రే తీయించండి, లోహం స్పష్టంగా కనిపిస్తుంది. అన్నవాహికలో ఉంటే వీలైతే 2 గంటల్లోపే ఎండోస్కోపీతో తీయాలి. మొన పైకి ఉన్నప్పుడు నేరుగా లాగితే గోడ చీలుతుంది. అందుకే దాన్ని కడుపులోకి నెట్టి, తిప్పి, మొన వెనకపడేలా పట్టుకుని బయటికి తెస్తారు. కడుపులోకి చేరిపోయినా 24 గంటల్లోపు తీయడమే మంచిది. పేగుల్లోకి దాటితే రోజూ ఎక్స్‌రే తీస్తూ గమనిస్తారు. కదలకుండా ఒకేచోట ఉండిపోయినా, కడుపునొప్పి వచ్చినా ఆపరేషన్ అవసరం కావచ్చు. విరేచనాల మందు మాత్రం మీరుగా వేయొద్దు.